టాబూ మన "తప్పు" నుంచే పుట్టిందా? పసిఫిక్ దీవుల మాటల మీద చర్చ

#1 గుంటూరు_గోంగూర · శనివారం ఉదయం 7:40

పొద్దున్నే మా పెదనాన్న కుటుంబం గ్రూపులో ఒక ఫార్వర్డ్ వదిలారు. ఇంగ్లీషులో "టాబూ" అనే మాట పసిఫిక్ దీవుల్లోని "తపు" నుంచి వచ్చిందట. ఆ "తపు" మన "తప్పు" నుంచి వెళ్లిందట. మన నావికులు మోటుపల్లి రేవులో ఓడలెక్కి హవాయి దాకా పోయారట. చివర్లో "తెలుగువాడివైతే పదిమందికి పంపు" మామూలే.

మొదటి సగం నిజమేనని నిఘంటువులో చూశాను. రెండో సగం ఎవరైనా తేల్చి పుణ్యం కట్టుకోండి. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనకి ఎదురుపడాలి.

#2 వరంగల్_రాజు · 7:52

జవాబు ఒక్కటే మాట. "తప్పు". పంపియ్యి.

#3 పాత_పంతులు · 8:15

ఎకసెక్కాలు తర్వాత. హైస్కూల్లో ముప్ఫయ్యేళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, నాకు ఇందులో కొట్టిపారేసేదేమీ కనపడలేదు. తపు అంటే చేయకూడనిది. తప్పూ చేయకూడనిదే. వాళ్లకి "మన" అంటే మహిమ, శక్తి. మనకీ "మన" ఉంది. హవాయిలో "పువా" అంటే పువ్వు. "కనక" అంటే మనిషి. ఇన్ని కలిస్తే కాకతాళీయమని ఎలా అంటారు? ఇంగ్లీషువాడు చెబితేనే నమ్ముతామా?

#4 వరంగల్_రాజు · 8:19

సార్, కనకం అంటే బంగారం గదా. మనిషి ఎట్లయితడు?

#5 ధ్వనిమార్పు · 8:47

పంతులుగారూ నమస్కారం. నేను భాషాశాస్త్రం విద్యార్థిని. మీరిచ్చిన నాలుగు మాటల్లో ముందు "తప్పు" పని చూద్దాం.

కెప్టెన్ కుక్ ఈ మాటని 1777లో టోంగాలో విని రాసుకున్నాడు. ఏది ముట్టుకోకూడదన్నా, ఏది తినకూడదన్నా అక్కడివాళ్లు "తపు" అన్నారు. ఇంగ్లీషులోకి అలా వెళ్లింది, అక్కడివరకు ఫార్వర్డ్ సరైనదే.

మన తప్పుకి మొదట ఉన్న అర్థం "చేయకూడనిది" కాదు, జారిపోవడం, గురి కుదరకపోవడం. బాణం గురి తప్పింది, పిల్లవాడు జాతరలో తప్పిపోయాడు, ప్రమాదం తప్పింది, పరీక్ష తప్పాడు. తమిళంలో, కన్నడంలో కూడా ఇదే మాట ఇదే అర్థంతో ఉంది. దారి తప్పడం నుంచి నీతి తప్పడం దాకా వచ్చి, అక్కడ "దోషం" అయింది. తపులో ఈ జారడం ఎక్కడా లేదు. అదొక గీత, ఒక కంచె. దోషం చేసినందుకు ఏదీ తపు కాదు. రాజు తల తపు, శ్మశానం తపు, కొత్తగా కట్టిన పడవ తపు. దోషమంతా దాన్ని ముట్టుకున్నవాడిది.

ఇక కలిసిన మాటల లెక్క. మలయ్‌లో "మత" అంటే కన్ను, ఇప్పటి గ్రీకులో "మాతి" అంటే కన్ను. ఆ రెండు భాషలకీ ఏ చుట్టరికమూ లేదు. పొట్టి మాటలు, ఐదారు అచ్చులు, పదో పన్నెండో హల్లులు ఉన్నచోట ఇలాంటివి ఎన్నైనా దొరుకుతాయి.

#6 నాండి_నాయుడు · 9:30

అందరికీ నమస్తే. నేను ఫిజీ నుంచి. మా ముత్తాత మద్రాసు రేవు నుంచి గిర్మిట్ (ఒప్పందం) కూలీగా వచ్చినాడు (మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలు). ఇంట్లో ఇప్పుడు హిందీ, తెలుగు రాయడం ఈ మధ్యే నేర్చుకున్నా. తప్పులుంటే మన్నించండి, తపులుంటే కూడా.

మా ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చదివితే "నాది" అని ఉంటుంది. కొత్తగా విమానం దిగినవాళ్లంతా అలాగే అంటారు. పలకడం మాత్రం "నాండి". ఫిజీ భాషకు అక్షరాలు పెట్టిన పాదరీలు "ండ" ధ్వనికి "డ" ఒక్కటే రాశారు, "ంబ" ధ్వనికి "బ" ఒక్కటే. ఎందుకంటే ఫిజీవాడి నోట్లో ముక్కు లేకుండా బ, డ రావు.

ఇక్కడ లోపలికి రావద్దని పెట్టే బోర్డు మీద "తబు" అని రాసి ఉంటుంది. పలకడం "తంబు". ఇప్పుడు తప్పుకీ తంబుకీ ఎంత దూరమో మీరే చెప్పండి.

#7 ధ్వనిమార్పు · 9:58

నాయుడుగారూ, నేను చెప్పబోయేదాన్ని మీ ఊరి పేరుతో తేల్చేశారు. ఆ ముక్కునే పట్టుకుని ఇంకొంచెం వెనక్కి వెళదాం.

పసిఫిక్ దీవుల భాషల్లో చాలామటుకు ఆస్ట్రోనేషియన్ అనే పెద్ద కుటుంబంలోవి. తైవాన్‌లో మొదలై ఫిలిప్పీన్స్, ఇండోనేషియా మీదుగా ఒక పక్క మడగాస్కర్‌కీ, ఇంకో పక్క ఈస్టర్ దీవికీ పాకాయి. ఫిలిప్పీన్స్‌లో ఏడుని "పితో" అంటారు, జావాలో "పితు". సమోవాలో "ఫితు", మావోరీలో "ఫితు", హవాయిలో "హికు". ఫిలిప్పీన్స్‌లో నాలుగు "అపత్". సమోవాలో "ఫా", హవాయిలో "హా". అంటే పాత "ప" తూర్పుకి వెళ్లేసరికి "ఫ" అయింది, హవాయి చేరేసరికి "హ" అయింది.

మరి తపులో "ప" ఎందుకు మారకుండా నిలిచింది? అది పాత "ప" కాదు కాబట్టి. నాయుడుగారి "ంబ"యే టోంగా, సమోవాల్లో "ప" అయింది. పాత రూపం తంబు లాంటిది. మన "తప్పు" నిజంగా ఆ రోజుల్లో ఓడెక్కి ఉంటే ఈపాటికి సమోవాలో "తఫు" అని వినపడాలి, హవాయిలో "కహు". కానీ హవాయిలో ఇప్పటికీ ప్రైవేటు స్థలాల ముందు బోర్డు మీద "కపు" అనే ఉంటుంది.

#8 వరంగల్_రాజు · 10:04

అన్నా, ప ఫ అయింది, ఫ హ అయింది, త క అయింది. ఇట్ల మార్చుకుంట పోతే ఏ మాటనైనా ఏ మాట చేయొచ్చు గదా. మా తాత వడ్డీ లెక్క లెక్క ఉన్నది.

#9 ధ్వనిమార్పు · 10:20

చేయలేం రాజన్నా, ఆంక్ష అంతా అక్కడే. ఒకసారి మారిస్తే అన్నిచోట్లా మార్చాలి. కన్నడం చూడు. మన పాలు వాళ్ల హాలు, మన పువ్వు వాళ్ల హూవు, పది హత్తు, పులి హులి. ఎక్కడ పాత "ప" మాట మొదట్లో ఉందో అక్కడల్లా హ. పోలికల్లేకపోయినా తేడా క్రమం తప్పకపోతే చుట్టరికం. పోలిక అచ్చుగుద్దినట్టు ఉండి క్రమం లేకపోతే అనుమానించాలి.

మనకి కొంచెం గర్వపడదగ్గ సంగతి: తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని ఫ్రాన్సిస్ ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి మద్రాసులో కూర్చుని చూపించింది 1816లో, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో. పసిఫిక్ మాటల్ని మలయ్ మాటల పక్కన పెట్టి చూడటం ఇంకో వందేళ్ల ముందే డచ్చి పండితుడు రేలాండ్ మొదలుపెట్టాడు.

#10 ఆక్లాండ్_పద్మ · 10:41

వంట మధ్యలో రాస్తున్నా, ముక్కలుగా ఉంటుంది. పన్నెండేళ్లుగా ఆక్లాండ్‌లో ఉంటున్నాం. మా వార్డులో సమోవా, టోంగా, మావోరీ నర్సులు కలిసి పనిచేస్తాం, రాత్రి డ్యూటీల్లో ఈ మాటలు పోల్చుకోవడమే మాకు కాలక్షేపం.

ఇల్లు: టోంగా, సమోవా "ఫలె", మావోరీ "ఫరె", తాహితి "ఫరె", హవాయి "హలె". ఫిజీలో "వలె" (నాయుడుగారూ, సరేనా?).

మనిషి: టోంగా, మావోరీ "తంగత", సమోవా కూడా అదే (రాసేటప్పుడు ఒక్క గ పెడతారు, పలకడం ముక్కుతో), తాహితిలో ముక్కు పోయి "త'అత", హవాయిలో త అంతా క అయి "కనక". పంతులుగారి కనకం ఇదీ.

చేప: మావోరీ, టోంగా "ఇక". సమోవా, తాహితి, హవాయి "ఇ'అ". ఆ మధ్యలో గొంతు ఒక్క క్షణం నొక్కి వదలాలి. నాకు ఆరు నెలలు పట్టింది.

రాజుగారూ, త క అవడం చెవులారా వినాలంటే సమోవావాళ్ల ఇంటికి వెళ్లండి. చర్చిలో, బడిలో, పెద్దలముందు "త" అంటారు. వంటింట్లో అదే మాట "క"తో వస్తుంది. మొదటిదాన్ని మంచి మాట అనీ, రెండోదాన్ని చెడ్డ మాట అనీ వాళ్లే అంటారు, కానీ నవ్వుకునేది, తిట్టుకునేది అంతా రెండోదానిలోనే. మా సహోద్యోగి ఫోన్లో పాస్టరుగారితో ఒకలా, వెంటనే తమ్ముడితో ఇంకోలా. హవాయిలో ఎప్పుడో జరిగిపోయింది ఇక్కడ సగంలో ఉంది.

#11 ఆక్లాండ్_పద్మ · 11:05

పప్పు దించాను. తపు గురించి ఇంకో మాట. పోల్చుకోవాలంటే తప్పుతో కాదండీ, మన మడితో పోల్చుకోవాలి.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం విరామం గదిలో బల్ల అంచున కూర్చున్నాను. పక్కనున్న మావోరీ పెద్దావిడ చాలా మర్యాదగా, "అమ్మాయీ, తిండి పెట్టేచోట కూర్చోకూడదు" అంది. తర్వాత తెలిసింది, గిన్నెలు తుడిచే గుడ్డల్ని ఒంటి బట్టలతో కలిపి ఉతకరు, తలగడ మీద కూర్చోరు. ఒళ్లు, అందులోనూ తల, తపు. వండిన తిండి "నోఅ", అంటే మామూలుది, కట్టు లేనిది. ఈ రెండూ కలవకూడదు. మా నాయనమ్మ ఉండి ఉంటే ఈ ఊళ్లో నాకంటే ముందు ఆవిడే కలిసిపోయేది. మడి బట్ట, ఎంగిలి, మైల అని ఆవిడ పెట్టిన గీతలన్నీ వీళ్లకి ఒక్క ముక్కలో అర్థమవుతాయి. మాటకీ మాటకీ సంబంధం లేదు, ఇంటికీ ఇంటికీ ఉంది.

ఆ "నోఅ" హవాయి చరిత్రలో పెద్ద మాట. అక్కడ ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి తినకూడదు, పంది మాంసం, కొబ్బరి, చాలా రకాల అరటిపళ్లు ముట్టకూడదు. అది కపు. 1819లో కొత్త రాజు లిహోలిహో, పెద్ద రాణి క'అహుమను ప్రోద్బలంతో, అందరూ చూస్తుండగా ఆడవాళ్ల పంక్తిలో కూర్చుని తిన్నాడు. దానికి వాళ్లు పెట్టిన పేరు "ఐ నోఅ", కట్టులేని తిండి. ఆ ఒక్క భోజనంతో కపు కూలింది. మొదటి మిషనరీలు దిగింది ఆ మరుసటి సంవత్సరం.

#12 పాత_పంతులు · 11:30

మడి పోలిక నాకు నచ్చింది. తప్పు విషయంలో ప్రస్తుతానికి వెనక్కి తగ్గుతున్నాను. "మన" సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

#13 బిట్టు_గేమర్ · 11:33

మన అయిపోతే మంత్రం పనిచేయదు సార్, గేములో నీలం గీత కింద పడిపోతుంది. ఇది పసిఫిక్ మాటా?? ఇన్నాళ్లూ జపాన్‌ది అనుకున్నా.

#14 ధ్వనిమార్పు · 12:10

ఆ నీలం గీతే తమ్ముడూ. కోడ్రింగ్‌టన్ అనే మతగురువు 1891లో మెలనేషియా దీవుల గురించి రాసిన పుస్తకంతో ఈ మాట పాశ్చాత్య పండితుల చేతికి వచ్చింది, అక్కడినుంచి కథల్లోకి, ఆటల్లోకి. రాబర్ట్ బ్లస్ట్ అనే ఆస్ట్రోనేషియన్ నిపుణుడి వాదన ఏమిటంటే, మొదట్లో ఇది ఉరుము, తుఫాను గాలి లాంటి ప్రకృతి శక్తుల పేరు, తర్వాత మనుషుల్లో ఉండే మహిమకి పాకింది. పడమటి దీవుల్లో కొన్ని భాషల్లో ఇప్పటికీ ఉరుముకే ఆ మాట.

మన "మన"కి ఆ దీవుల్లో జోడీ వెతకాలంటే వేరేచోట వెతకాలి. అది పద్మగారు చెబితేనే బాగుంటుంది, రోజూ వాడేది ఆవిడ.

#15 ఆక్లాండ్_పద్మ · 12:48

మనం, మేము. అదేగా?

మావోరీ నేర్పే సాయంత్రపు తరగతికి వెళ్లాను ఒక ఏడాది. పంతులమ్మ బోర్డు మీద "తాతౌ", "మాతౌ" రాసి, మొదటిది వింటున్న మిమ్మల్నీ కలుపుకుని, రెండోది మిమ్మల్ని వదిలేసి అంది. గదిలో ఇంగ్లీషువాళ్లంతా నోట్సుల్లో బొమ్మలు గీసుకుంటున్నారు, బాణాలు వేసుకుంటున్నారు. నేనూ ఒక తమిళావిడా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. మాకు అందులో నేర్చుకునేదేముంది! "మనం వెళ్దాం" అంటే నువ్వూ రా అని, "మేం వెళ్తాం" అంటే నువ్వు ఇంట్లో ఉండు అని, మాటలు రాని పిల్లకి కూడా తెలుసు.

నా గర్వం పది నిమిషాలు నిలిచింది. తర్వాత ఆవిడ "తాఉఅ", "మాఉఅ" రాసింది. ఇద్దరమే అయితే వేరే మాటలట! నువ్వూ నేనూ ఇద్దరం: తాఉఅ. నేనూ ఇంకొకరూ ఇద్దరం, నువ్వు కాదు: మాఉఅ. ముగ్గురు, ఆపైన అయితేనే తాతౌ, మాతౌ. అప్పుడు నేనూ బాణాలు వేసుకున్నాను.

హవాయిలో తాతౌ "కాకౌ" అవుతుంది, మాతౌ "మాకౌ" అవుతుంది. త ఉన్నచోటల్లా క. రాజుగారి తాత వడ్డీ లెక్క తప్పలేదు చూడండి.

#16 వరంగల్_రాజు · 12:55

మా తాత లెక్క ఎన్నడూ తప్పలే మేడం, బాకీలోల్లే తప్పించుకున్నరు.

#17 పాత_పంతులు · 1:20

ఇది విన్నాక నా అనుమానం మరింత బలపడింది. వ్యాకరణంలో ఇంత సున్నితమైన భేదం రెండు చోట్లా ఉందంటే ఏదో ఒక కాలంలో కలిసి ఉండాలి. సంస్కృతంలో లేదు, ఇంగ్లీషులో లేదు, మనకీ వాళ్లకీ ఉంది.

#18 ధ్వనిమార్పు · 1:45

మంచి ప్రశ్న. కానీ ఆ భేదం అమెరికా ఆదివాసీ భాషల్లో ఉంది, ఆస్ట్రేలియా భాషల్లో ఉంది, మన గుజరాతీలో ఉంది (ఆపణె, అమె). దాన్ని పట్టుకుని అందర్నీ ఒక ఇంటివాళ్లని చేయలేం.

ఈ మోజు మీ ఒక్కరిదీ కాదు. ఎడ్వర్డ్ ట్రెగేర్ అని న్యూజిలాండ్‌లో ఒకాయన 1885లో "ఆర్య మావోరీ" పేరుతో పుస్తకమే వేశాడు. మావోరీలు ఆర్యులని, ఆవుల్ని మేపిన జ్ఞాపకం వాళ్ల మాటల్లో దాగి ఉందని వాదన. ఆవు మొహం ఎరగని దీవుల్లో, మాటలో "కౌ" వినపడితే చాలు, గోవు అన్నాడు. మరుసటి ఏడే అట్కిన్‌సన్ అనే ఆయన అదే పద్ధతిలో వెటకారంగా వ్యాసం రాసి పరువు తీశాడు. నాకు ట్రెగేర్ అంటే గౌరవం ఎందుకంటే, ఆయన ఊరుకోలేదు. 1891లో మావోరీ మాటల పక్కన మిగతా దీవుల మాటల్ని పేర్చి పెద్ద నిఘంటువు తెచ్చాడు. అది ఇప్పటికీ పనికొస్తుంది. తర్వాత 1965లో ఆక్లాండ్‌లో బ్రూస్ బిగ్స్ మొదలుపెట్టిన పొల్లెక్స్ అనే దీవుల మాటల పోలిక నిఘంటువు ఇప్పుడు ఆన్‌లైన్లో ఉంది. మాట కొడితే ఏ దీవిలో ఏ రూపమో వరసగా వస్తుంది.

మన దగ్గర "త్రిలింగ" నుంచి "తెలుగు" వచ్చిందనడం కూడా ఇలా మాటను వెనక నుంచి అందంగా దిద్దుకోవడమే.

#19 పాత_పంతులు · 1:52

త్రిలింగం జోలికి రావద్దు. కాళేశ్వరం, శ్రీశైలం, ద్రాక్షారామం నడుమ పుట్టిన భాష ఇది.

#20 వరంగల్_రాజు · 1:54

మొదలైంది. చాయ్ తెచ్చుకుంట.

#21 నిర్వాహకుడు · 2:30

త్రిలింగం మీద వచ్చిన పదకొండు పోస్టుల్ని వేరే దారానికి మార్చాను. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ పసిఫిక్ సముద్రం మాత్రమే.

#22 తెప్పలోడు_భీమిలి · 3:15

ఇప్పుడే చూసినాను. సముద్రం అన్నారు గాబట్టి నానూ ఒక మాట. మీరందరూ అక్కడి మాట ఇక్కడికి తెస్తన్నారు గానీ, ఇక్కడి మాట అక్కడి పడవకి అతుక్కుపోనాది తెలుసా?

కాటమరాన్. తమిళంలో కట్టుమరం, కట్టిన దుంగలు. మా వైపు తెప్ప అంటాం. మా తాత తెప్ప నాలుగు దుంగలు తాడుతో కట్టి, వేటయినాక విప్పేసి ఎండబెట్టేవాడు. నీళ్లు పైనించి పోతాయి, కిందనించి పోతాయి, మనిషి తడుస్తాడు గానీ మునగడు. తెల్లోళ్లు మద్రాసు ఒడ్డున ఈ మాట ఏరుకుని, తరవాత ఎక్కడ రెండు పడవలు జోడించి కట్టింది కనపడినా అదే పేరు పెట్టేసినారు. ఇప్పుడు కాటమరాన్ అంటే ప్రపంచమంతా అనుకునేది రెండు పడవలు జోడించిన తెరచాప పడవ. అది మాది కాదు, ఆ దీవులోళ్లది. పేరు మనది, పడవ ఆళ్లది.

ఆళ్లు ఏటంటారో పద్మమ్మ చెప్పాల.

#23 ఆక్లాండ్_పద్మ · 3:40

పడవ టోంగాలో "వక", మావోరీలో "వక", సమోవా, తాహితి, హవాయిల్లో "వ'అ". రెండు జోడించినదాన్ని హవాయిలో "వ'అ కౌలుఅ" అంటారు, లుఅ అంటే రెండు.

అలాంటిదే ఒకటి, "హోకూలె'అ", 1976లో దిక్సూచి లేకుండా హవాయి నుంచి తాహితికి వెళ్లింది. నడిపినవాడు మౌ పియాయిలుగ్, మైక్రోనేషియాలో సతవల్ దీవివాడు. హవాయిలో ఆ విద్య తెలిసినవాళ్లు అప్పటికి మిగల్లేదు. ఆ పడవకి పెట్టింది ఒక నక్షత్రం పేరు. మనం స్వాతి అంటామే, అదే. హవాయి నడినెత్తిన వెళ్తుంది, అందుకని తిరిగొచ్చేవాళ్లకి గుర్తు.

#24 బిట్టు_గేమర్ · 4:02

నేను రూల్ పెట్టి చూశా. నక్షత్రం సమోవాలో ఫెతూ అని పొల్లెక్స్‌లో ఉంది. ఫ హ అవ్వాలి, త క అవ్వాలి. హెకూ రావాలి. హోకూ ఎందుకొచ్చింది? రూల్ బగ్గా?

#25 ధ్వనిమార్పు · 4:25

శభాష్. హల్లులు రెండూ సరిగ్గా వచ్చాయి, అచ్చు ఒక్కటి జారింది. ఇప్పుడు ఇంకో మాట వేసి చూడు: నేల. తాహితిలో ఫెనుఅ, మావోరీలో ఫెనుఅ. హవాయిలో హెనుఅ రావాలి, ఉన్నది హోనుఅ. ఆ "ఎ" అక్కడా "ఒ" అయింది. ఫ పలికేటప్పుడు పెదాలు చేసే పని, వెనక ఉన్న "ఉ" కలిసి లాగి ఉంటాయి. టోంగాలో కూడా ఫోనుఅ అనే అంటారు.

#26 ఆక్లాండ్_పద్మ · 4:50

ఫెనుఅకి మావోరీలో రెండు అర్థాలు. నేల ఒకటి, బిడ్డతో పాటు పడే మాయ ఒకటి. ప్రసూతి వార్డులో మావోరీ కుటుంబాలు మాయని జాగ్రత్తగా పెట్టించుకుని ఇంటికి తీసుకెళ్లి వాళ్ల నేలలో పాతుతారు. మా అమ్మమ్మగారి ఊళ్లోనూ మాయ పెరట్లోనే పాతేవాళ్లు. టోంగా ఫోనుఅకి సమాధి అనే అర్థం కూడా ఉంది. వనువాటు దేశం పేరులో మొదటి సగం కూడా ఈ మాటే.

#27 పాత_పంతులు · 5:30

(త్రిలింగం దారంలో పని ముగించుకుని వచ్చాను.) ఒక సందేహం. పద్మగారు ప్రతిసారీ తాహితిని చెప్పారు. అంకెలు చూద్దామని వెతికితే అది ఒక్కటే వంకరగా ఉంది. రెండుకి సమోవాలో లుఅ, మావోరీలో రుఅ, తాహితిలో "పితి". ఐదుకి అందరికీ లిమ, రిమ. తాహితికి "పఏ". మలయ్‌లో కూడా లిమనే కదా, మడగాస్కర్లో దిమి. ఇన్ని వేల మైళ్లు నిలిచిన మాట తాహితిలో ఎలా పోయింది?

#28 ధ్వనిమార్పు · 6:05

పంతులుగారూ, మీరు సరిగ్గా బంగారు గనిలో కాలు పెట్టారు. దాని పేరు "పి". పెద్ద రాజు పేరులో ఏ మాట ఉంటే ఆ మాటని జనం వాడకూడదు. 18వ శతాబ్దం చివర తాహితి రాజు "పోమరె" అనే పేరు పెట్టుకున్నాడు. పో అంటే రాత్రి, మరె అంటే దగ్గు. అంతే, రాత్రికి "రుఇ", దగ్గుకి "హోత" అనే మాటలు వాడుకలోకి వచ్చాయి. నీళ్లని అన్ని దీవుల్లో "వఇ" అంటే తాహితిలో "పపె" అయింది, అదీ ఇలాంటి కట్టుబాటు వల్లే. రుఅ, రిమ పోయి పితి, పఏ నిలిచాయి. రాజులు పోయాక "పో" వెనక్కి వచ్చింది, అంకెలు రాలేదు.

#29 గుంటూరు_గోంగూర · 6:20

మా అమ్మమ్మ తాతయ్య పేరు చెప్పమంటే ఇప్పటికీ గోడమీద క్యాలెండర్లో దేవుణ్ణి చూపిస్తుంది. ఆయన పేరు వెంకటేశ్వర్లు. బియ్యం అయిపోయాయి అనదు, నిండుకున్నాయి అంటుంది. రాత్రిపూట పాము అనదు, పురుగు అంటుంది. ఒక్క ఊరివాళ్లంతా వందేళ్లు ఇలా అంటూ పోతే పాము అనే మాటే పోతుందన్నమాట.

#30 తెప్పలోడు_భీమిలి · 6:31

మా వైపు పురుగు ముట్టిందంటే పామే. రెండో అర్థం లేదు.

#31 నాండి_నాయుడు · 7:10

మాకు తోటలో కుమల వేస్తాం. మీరు చిలగడదుంప అంటారు. మావోరీ కూమర, టోంగా కుమల, సమోవా 'ఉమల, హవాయి 'ఉఅల. క పోయి గొంతు నొక్కు వచ్చింది, పద్మగారి చేప మాదిరే. అయితే ఇది ఆస్ట్రోనేషియన్ మాట కాదంట కదా?

#32 ధ్వనిమార్పు · 7:35

కాదు. ఆ దుంప దక్షిణ అమెరికాది. పెరూ వైపు కెచువా భాషల్లో కుమర్ లాంటి మాట ఉంది. అది సముద్రం ఒడ్డున వాడారా లేదా అని పండితులు ఇంకా తగాదా పడుతున్నారు. మనుషులు కలిసిన సంగతి మాత్రం 2020లో డీఎన్ఏ పరిశోధన చూపించింది. సుమారు 1200 ప్రాంతంలో తూర్పు దీవులవాళ్లకీ దక్షిణ అమెరికావాళ్లకీ సంబంధాలు కలిశాయి, అదీ కొలంబస్‌కి మూడు వందల ఏళ్ల ముందు. ఫార్వర్డ్ రాసినవాడికి నిజమైన ఓడ ప్రయాణం కావాలంటే ఇది ఉంది.

#33 వరంగల్_రాజు · 7:41

మా దిక్కు దాన్ని కందగడ్డ అంటరు, మోరంగడ్డ అంటరు. సీమల గెనుసుగడ్డ. ముందు మన దుంపకు ఒక్క పేరు పెట్టుండ్రి, తర్వాత పెరూ పోదాం.

#34 బిట్టు_గేమర్ · 8:15

వికీపీడియాలో వికీ కూడా హవాయి మాటే అని ఇప్పుడే చదివా. వికివికి అంటే గబగబా. హొనొలులు విమానాశ్రయంలో బస్సు పేరు చూసి వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో తన సైటుకి పెట్టాడంట.

#35 ఆక్లాండ్_పద్మ · 8:28

ఇక్కడ మావోరీలో "వికి" అంటే వారం! ఇంగ్లీషు వీక్‌కి వాళ్లు అచ్చు తగిలించుకున్నారు. మనం బస్సు, రోడ్డు అని ఉకారం తగిలించినట్టే. హవాయి వికికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, అచ్చుగుద్దినట్టు ఒకటే. పంతులుగారికి కానుక.

కంప్యూటర్‌కి మాత్రం వాళ్లు అచ్చు తగిలించలేదు. మావోరీలో రొరొహికొ, హవాయిలో లోలోఉఇల. రొరొ, లోలో మెదడు. హికొ, ఉఇల కరెంటు. కరెంటు మెదడు.

#36 పాత_పంతులు · 9:05

పద్మగారి కానుక స్వీకరించాను. ఇక నాకు పరీక్ష పెట్టండి. సూత్రాలు రాసి పెట్టుకున్నాను: మావోరీ నుంచి హవాయికి త→క, క→గొంతు నొక్కు, ర→ల, ఫ→హ, ంగ→న. నాలుగు మాటలివ్వండి. నిఘంటువు చూడను, ప్రమాణం.

#37 ఆక్లాండ్_పద్మ · 9:12

రంగి (ఆకాశం). కుర (ఎరుపు). రొతొ (లోపల). కెతె (బుట్ట).

#38 పాత_పంతులు · 9:26

లని. 'ఉల. లొకొ. 'ఎకె.

#39 ఆక్లాండ్_పద్మ · 9:30

నాలుగూ సరే! 'ఎకె అంటే అక్కడ సంచి, బుట్ట. నా దగ్గర జనపనార లాంటి హరకెకె ఆకుతో అల్లిన కెతె ఉంది, కూరలకి అదే పట్టుకెళ్తాను.

#40 పాత_పంతులు · 9:48

ఉండండి. తాహితిలో క పోతుంది కానీ త అలాగే ఉంటుంది కదా. అంటే బుట్ట అక్కడ 'ఎతె కావాలి. వాళ్ల ముఖ్యపట్టణం పేరు పపె'ఎతె. పపె అంటే నీళ్లని సాయంత్రం ధ్వనిమార్పుగారే చెప్పారు. నీళ్ల బుట్టా?

#41 ధ్వనిమార్పు · 9:55

నీళ్ల బుట్టే పంతులుగారూ. వఇ అనకూడదన్న కట్టు రాకముందు ఆ ఊరి పేరు వఇ'ఎతె.

#42 గుంటూరు_గోంగూర · 10:20

పెదనాన్నకి దారమంతా చూపించాను. ఆయన అడిగింది ఒక్కటే: "ఆ పంతులుగారిది ఏ ఊరు? మా క్లాసువాడేమో."

#43 పాత_పంతులు · 10:24

తెనాలి. పేరు అడగవద్దని చెప్పండి, అది తపు.